ఆగని శ్రుతి

భార్య పోయిన రోజునే మాస్టారు ఆమె ఫ్లూటును పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఈ రాత్రి పెద్ద ఆర్కెస్ట్రా కచేరీకి ముందు, హాలు బయటి లాబీలో, సరదాకి వాయించుకునే వాళ్ల చిన్న బృందం ఆమె కోసం ఒక్క పాట వాయించాలి. ఎప్పుడూ ఆమే శ్రుతి ఇచ్చేది. ఆమె ఆపాకే మిగతావాళ్లు మొదలుపెట్టేవారు.

మాస్టారు వయొలిన్ ఎత్తేలోపే శ్రుతి వినిపించింది. అందరూ తీగలు సవరించుకున్నారు.

"అచ్చం వదినలాగే ఇచ్చావన్నయ్యా! ఇక ఆపు, మొదలెడదాం," అన్నాడు సెల్లో వాయించే తమ్ముడు నవ్వుతూ.

"నేనింకా తీగల మీద కమాను ఆనించలేదురా."

తమ్ముడి నవ్వు ఆగింది. స్వరం ఆగలేదు. ఊపిరి తీసుకోవడానికైనా ఆగలేదు.

కచేరీ మొదలవుతుందని గంట మోగింది. జనం లోపలికి వెళ్లిపోయారు, తలుపులు మూసుకున్నాయి. ఆమె కోసం అనుకున్న పాట ఇంకా మొదలుకాలేదు.