ఒక్క పల్చటి జత

"ఉన్ని సాక్సుల్లో అన్నిటికన్నా పల్చటివి కావాలండీ. స్కీయింగ్‌కి."

ఆ మాట వినగానే అలివేలుకు ప్రాణం లేచొచ్చింది. ఆర్నెల్లుగా ఆమె ఎదురుచూస్తున్నది ఈ కస్టమరు కోసమే.

బ్రూక్‌ఫీల్డ్‌లో అలివేలు పనిచేసే చలిబట్టల షాపుకు వచ్చేవాళ్ళందరూ మందం సాక్సులే ఇమ్మంటారు. బెంగళూరు వాళ్ళకు మంచు సంగతి ఏం తెలుసు? డిసెంబరు పొద్దున కాస్త చల్లగాలి తగిలితే చాలు, చెవులకు మఫ్లరు చుట్టేసుకుని 'అబ్బబ్బా, ఏం చలి!' అంటారు. ఆ లెక్కనే కశ్మీరు మంచులోని గుల్మార్గ్‌కూ సాక్సులు కొంటారు.

"కరెక్టుగా అడిగినారు సార్!" అంటూ అలివేలు నాలుగు జతలు బల్ల మీద పరిచింది. "స్కీ బూటు శానా గట్టిగా ఉంటాది. లోపల మందం సాక్సు ఏస్తే కాలు బిగుసుకునిపోయి రక్తం ఆడదు, కాలి ఏళ్ళు మొద్దుబారిపోతాయి. పల్చటి ఉన్నిదైతే వెచ్చగా ఉంటాది. అదీ ఒక్క జతే ఏసుకోవాల."

"తెలుసండీ," అన్నాడతను మెల్లగా.

"తెలిసినోళ్ళు ఎవరుండారు సార్? అమ్ముడుపోవని మా ఓనరప్ప కిందటేడు ఒకే ఒక్క జత తెప్పించినాడు. ఈసారి నేనే పోరుపెట్టి రెండు డజన్లు తెప్పించినా."

అతను ఒక జత తీసుకుని లోపలికి చెయ్యి పోనిచ్చి చూశాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు మీద చేతన్ అని పేరుంది. కొనడానికి వచ్చిన హుషారు మాత్రం ముఖంలో లేదు.

"సైజు ఎంత సార్?"

"తొమ్మిది. నాకు కాదు, మా ఫ్రెండ్ పండుకి. మళ్ళీ వెళ్తున్నాడు." అతను సాక్సు వైపే చూస్తూ చెప్పాడు. "లాస్ట్ ఇయర్ వాడు ఇక్కడే కొన్నాడు. మందంవి, రెండు జతలు. ఒకదాని మీద ఒకటి వేసుకోమన్నారు. ఫస్ట్ డేనే కాళ్ళు మొద్దుబారాయి. చలికి అంతేలే అనుకుని సాయంత్రం దాకా బూట్లు విప్పలేదు వాడు. కుడికాలి వేళ్ళు రెండు తీసేశారు."

అలివేలు చేతిలోని జత జారి కింద పడింది.

ఆ సాక్సులు కొన్న మనిషి ఆమెకు బాగా గుర్తున్నాడు. పచ్చ టీషర్టు, పెద్ద గొంతు. "మేడమ్, నేను పుట్టి బుద్ధెరిగాక మంచు చూళ్ళేదు. మీరే చెప్పాలి," అన్నాడు నవ్వుతూ. వెంట వచ్చినతను ఎవరో అటు తిరిగి గ్లవుజులు చూసుకుంటున్నాడు. ఎవరూ ఎప్పుడూ మేడమ్ అనని అలివేలు ఆ పిలుపుకు ఉబ్బిపోయింది. తనూ మంచు మొహం చూడలేదని చెప్పకుండా, ఏదో చూసొచ్చినదానిలా, "రెండు జతలు ఏసుకోండి సార్, చలి దగ్గరికి రాదు," అంది.

ఆ తర్వాత జూన్‌లో ఒక స్కీయింగ్ ట్రెయినరు షాపుకొచ్చి, మందం సాక్సుల గుట్ట చూసి తల పట్టుకున్నాడు. అసలు సంగతి ఆయన చెప్పాకే తెలిసింది. ఆ రోజు నుంచి ఎవరికీ ఏమీ కాకూడదు దేవుడా అని ఎన్ని మొక్కులు మొక్కుకుందో.

అయిపోయింది. రెండు వేళ్ళు పోయాయి.

క్యాష్ కౌంటరు దగ్గర ఓనరు వెంకటరాయప్ప తలెత్తి ఇటే చూస్తున్నాడు. ఒక్క కంప్లైంటు వచ్చినా రేపట్నుంచి రావద్దంటాడని షాపులో అందరికీ తెలుసు. ఇంట్లో సంపాదన తనదొక్కటే. ఆ రోజు ఎవరున్నారో నాకు తెలీదు సార్ అంటే సరిపోతుంది. ఎవరికి గుర్తుంటుంది?

ఇంతలో చేతన్ ఫోన్ మోగింది. అవతలి గొంతు బల్ల ఇవతలికి కూడా వినబడుతోంది.

"ఒరేయ్, దొరికాయా? ఆ అమ్మాయి ఉందా అక్కడ? ఉంటే ఏమీ అనకురా, నా మీద ఒట్టు. పాపం, తెలిసి చెప్పిందా ఏంటి! నువ్వు మాత్రం చూసి మంచివి తే. నిన్నే నమ్ముకున్నా."

"ఊఁ," అని చేతన్ ఫోన్ పెట్టేశాడు.

ఆ పండు నాలుగు తిట్టినా అలివేలు ఓర్చుకునేది. పాపం అన్నాడు. ఆ మాటకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"సార్, ఆ రోజు చెప్పింది నేనే," అంది. "మంచు ఎట్లుంటాదో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పినా. ఆయన కాలి ఏళ్ళు పోయిన పాపం నాదే సార్. ఎక్కడుంటారో చెప్పండి, వచ్చి తప్పయిందని చెప్పుకుంటా."

వెంకటరాయప్ప కుర్చీలోంచి లేచి వచ్చాడు. "ఏమే, ఏం చేసినావే? సార్, మీరు కోపం చేసుకోవద్దండప్పా, ఈమెను ఇప్పుడే..."

"ఆవిణ్ణి ఏమీ అనకండి," అన్నాడు చేతన్.

చేతిలోని జత మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు. ఎంతకీ తల ఎత్తలేదు.

"ఈ సంగతి ఏడాదిగా పండుకి చెబుదామనుకుంటూనే ఉన్నానండీ. నోరు రావట్లేదు. ముందు మీకైనా చెప్పాలి."

అలివేలు కళ్ళు తుడుచుకుని చూసింది.

"ఆ రోజు మీ షాపులో ఉన్న ఒక్క పల్చటి జతా అప్పటికే నా చేతిలో ఉంది, మీరు చెప్పేది తప్పని తెలిసి కూడా, నోరు విప్పితే పండు ఎక్కడ ఆ జత తనకిమ్మంటాడోనని గ్లవుజులు చూస్తూ నిలబడ్డాను."