చప్పిడి కూడు

"ఒక్క చిటికెడేరా. ఎవరికి తెలుస్తుంది?" అంది రహిమున్నీసా, ఉప్పు డబ్బా చేత్తో పట్టుకుని.

"కాటాకి తెలుస్తుందమ్మా," అన్నాడు పీరు.

చప్పిడి గోంగూర కలుపుకుని, కళ్ళు మూసుకుని మింగాడు. పచ్చళ్ళు పెట్టి అమ్ముకుని బతికే ఇంట్లో వారం రోజులుగా వాడి కంచంలో ఉప్పురాయి పడలేదు. నిన్నటి నుంచి నీళ్ళకీ కొలతే, పూటకో గ్లాసు. బయట ఎండ చూస్తే మాడ్చేస్తోంది. కన్నతల్లి ప్రాణం ఎలా ఊరుకుంటుంది?

ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలుస్తుందనీ, మానేస్తే ఆ నీరు దిగి బరువు తగ్గుతుందనీ శిష్యులందరికీ చెబుతుండేవాడు హుస్సేన్ సాహెబ్. చిలకలూరిపేటలో తాలింఖానా నడుపుతూ కుస్తీ నేర్పే ఉస్తాదు ఆయన.

ఆయన శిష్యుల్లో పీరుకి ప్రాణస్నేహితుడు ఇమ్మానియేలు. ఇద్దరూ మిల్లులో పత్తి బేళ్ళు మోసే కూలీలే, ఇద్దరిదీ అరవై కిలోల బరువే. గుంటూరు పోటీల్లో ఏ తరగతిలో గెలిచినా సరే, తన కూలీ అయితే నెలజీతం ఉద్యోగం ఇస్తానని మిల్లు యజమాని మాటిచ్చాడు. చిక్కల్లా ఒకటే. ఒకే ఉస్తాదు శిష్యులు పదిమందిలో ఒకరి మీద ఒకరు చెయ్యి వెయ్యకూడదు. తాలింఖానా మట్టి పట్టుకుని చేసిన ప్రమాణం అది. ఒకే తరగతిలో ఉంటే ఒకడు తప్పుకోవలసిందే. అందుకే యాభై ఏడు కిలోల కింది తరగతికి దిగాలని పీరు మొండికేశాడు.

"ఇమ్మానియేలుకి ఒక్క మాట చెప్పకూడదట్రా?"

"చెబితే తనే తప్పుకుంటానంటాడు. వాడి సంగతి నీకు తెలీదా? పెదకాకానిలో వాళ్ళక్క దగ్గరికి మిరపకోతలకు పోయాడుగా. అట్నుంచటే గుంటూరు వస్తాడు. అప్పుడు తెలుస్తుందిలే."

మర్నాడు పిక్కలు పట్టేసి పీరు నేల మీద దొర్లాడు. రహిమున్నీసా ఉస్తాదు ఇంటికి పరుగెత్తింది.

"ఉస్తాదుగారూ, బిడ్డ నాకు దక్కేలా లేడు. ఉద్యోగం వద్దు, ఏం వద్దు. ఆపమని చెప్పండి."

"చెప్పానమ్మా. ఇంకో కిలో ఉందంటాడు, వినడు." ఆయన తల దించుకున్నాడు. "నేర్పింది నేనే. ఆపడం నా చేతుల్లో లేదు."

ఇంకెవరితో చెప్పుకుంటుంది? ఇంటికొచ్చి తడిగుడ్డతో వాడి పెదాలు అద్దింది. ఆ తడి కూడా లోపలికి పోనివ్వకుండా వాడు మూతి బిగించేసరికి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పోటీ రోజు పొద్దున్నే వాణ్ణి పొదివి పట్టుకుని బస్సెక్కించింది. గుంటూరు బ్రాడీపేటలో ఒక హాల్లో రెండు కాటాలు పెట్టారు, తరగతికొకటి.

"ఏ కాటా ఎక్కితే ఆ తరగతే ఖాయం. తర్వాత మార్చమంటే కుదరదు," అన్నాడు గుమస్తా.

పీరు కింది తరగతి కాటా ఎక్కాడు.

"యాభై ఏడు. సరిగ్గా సరిపోయింది. దిగు."

దిగీ దిగగానే తల్లి మీద వాలిపోయాడు. ఆమె తెచ్చిన ఉప్పు మజ్జిగ గటగటా తాగి, చెంబు దించి నవ్వాడు. తొమ్మిది రోజుల తర్వాత వాడి మొహంలో నవ్వు చూసి ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఇంక భయం లేదమ్మా. వాడి కుస్తీ వాడిది, నా కుస్తీ నాది. ఇద్దరం ఉద్యోగస్తులమైపోతాం, చూస్తుండు."

పై తరగతి కాటా వైపు చూస్తూ, "ఇంకా రాలేదేంటి వీడు?" అన్నాడు.

వెనక గుమస్తా గొంతు వినిపించింది. "యాభై ఆరున్నర. ఖాయం."

రహిమున్నీసా వెనక్కి తిరిగింది.

పీరు దిగిన కాటా మీద, బుగ్గలు పీక్కుపోయి, ఇమ్మానియేలు నిలబడి ఉన్నాడు.