నలభై ఒకటో ఫైలు

పెద్ద డాక్టరు నలభై ఒకటో ఫైలును ఎడమవైపు దొంతరలోకి తోశాడు. చిన్న డాక్టరమ్మ దాన్ని మళ్ళీ బల్ల మధ్యకు లాగింది. ఇలా లాగడం మూడోసారి.

ఫైళ్ళన్నీ, ఒంట్లోని రక్షణశక్తే ఎదురుతిరిగి రక్తాన్ని గడ్డకట్టించే జబ్బు ఉందేమోనని అనుమానమున్నవాళ్ళవి. కుడి దొంతరలో పడ్డవాళ్ళకు జబ్బు ఉన్నట్టు. రక్తాన్ని పలచన చేసే మందు కొనసాగుతుంది. ఎడమ దొంతరలో పడ్డవాళ్ళకు రేపటినుంచి ఆగిపోతుంది. మొహమాటాలకు తావుండకూడదని పేర్ల మీద కాగితం ముక్కలు అంటించారు. ఆ పని చేసిన నర్సే బల్ల చివర, కాలు స్టూలు మీద చాపుకుని, ఒక్కో నిర్ణయాన్నీ రిజిస్టరులో రాస్తోంది. పొద్దున ఆవిడ ఓ అరగంట బయటికి వెళ్ళొస్తానంటే, ఫైళ్ళన్నీ తేలేదాకా కదలడానికి వీల్లేదన్నాడు పెద్దాయన. వారం రోజులుగా అదే మాట.

"గడ్డ పై నరంలో కట్టింది, లోపలి నరంలో కాదు. పోయిన గర్భాలు రెండే, లెక్కకి మూడు ఉండాలి. ఏ లెక్కకీ అందదమ్మా" అన్నాడు.

"మూడోది కూడా పోయాక రమ్మందామా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నర్సు కలం ఆగింది.

తొడల మీద వల అల్లినట్టున్న మచ్చల సంగతీ, మొదటి రక్తపరీక్షలో జబ్బు జాడ కనబడిన సంగతీ చిన్న డాక్టరమ్మ ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. అన్నీ అరకొరగా ఉన్నా, అన్నీ ఒక్క మనిషిలోనే ఉన్నాయంది. ఇలాంటివాళ్ళ కోసం మధ్యలో మూడో దొంతర పెట్టేదాకా లేచేది లేదని కుర్చీ ముందుకు జరుపుకుంది. నీ పట్టు ఆ గడ్డకంటే గట్టిగా ఉందే అని ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"సరే, పెడదాం. కానీ పన్నెండు వారాలకి రెండోసారి రక్తం ఇవ్వాలిగా? గడువు దాటి వారమైంది. ఆ మహాతల్లి రానేలేదు. ఆవిడకే పట్టనిది నీకెందుకమ్మా?"

 చిన్న డాక్టరమ్మ ఫైలు మీది చెయ్యి తియ్యలేదు.

నర్సు కలానికి మూత పెట్టింది. స్టూలు మీంచి కాలు మెల్లగా దించి, ఎడమచేతి గుండీ విప్పి చొక్కా చెయ్యిని మోచేతి పైకి మడుచుకుంది.

"రాకపోవడమేంటి సార్? వారం నుంచీ మీ ఎదురుగానే కూర్చున్నాను."