నిడదవోలు టిక్కెట్టు

కేబుల్ గణేష్‌బాబు ఫోన్లో చెప్పింది "కోర్టు మీద డాక్యుమెంటరీ" అని. వీరమ్మకి వినపడింది కోర్టు, డాక్యుమెంట్లు.

చిట్టియ్య స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ ఇంటి కాగితాలన్నీ ట్రంకుపెట్టెలోంచి తీసి, ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది.

"ఏ కోర్టండీ? ఎవరేశారండీ మనమీద దావా?"

"బాస్కెట్‌బాల్ కోర్టే పిచ్చిమొహమా! మన జట్టు ఆడినప్పటి టేపులన్నీ కలిపి గణేష్‌బాబు సినిమా చేశాడంట. మధ్యాహ్నం క్లబ్బులో వేస్తాడు."

వీరమ్మ కళ్లు తుడుచుకుంది. తుడిచిన కళ్లు మళ్లీ తడిశాయి.

"అయితే వెళ్లకండి. మళ్లీ అనిపించుకోవాలా?"

అనిపించుకోవడం చిట్టియ్యకి అలవాటే. మండపేటలో ఇనుప సామాన్ల కొట్టులో గుమాస్తా. ఇనుము ఎవరికైనా చేతికంటుతుంది, ఈయనకి కాలికంటింది. జట్టు పెట్టిన ఏడాది ఆయన చూసిన మొదటి మ్యాచ్‌లో కెప్టెన్ ఫణీంద్ర చీలమండ విరిగింది. రెండోదాంట్లో ఒక్క పాయింటుతో ఓడిపోయారు. మూడోదాంట్లో బుట్ట బోర్డుతో సహా ఊడి రిఫరీ మీద పడింది. పళ్లెంలో బియ్యం పోసి రాయలేదన్న మాటే గానీ, ఊరు ఆయనకి 'ఐరన్ లెగ్' అని నామకరణం చేసేసింది.

అప్పట్నించి ఒక ఒప్పందం. మ్యాచ్ రోజు చిట్టియ్య ద్వారపూడి వెళ్లి, రైలెక్కి, నిడదవోలు స్టేషన్లో బల్ల మీద కూర్చుని, ఆట అయిపోయాక రావాలి. పొద్దున్నే ఊరంతా చూస్తుండగా క్యారేజీతో బస్సెక్కేవాడు. సాయంత్రం నెత్తినిండా దుమ్ముతో కనపడేవాడు.

"నిడదవోలు వెళ్లొచ్చావా, తవుట్లో దొర్లొచ్చావా?" అనేవాడు ఫణీంద్ర.

"పాసింజరు బండి కదండీ. కిటికీ పక్కన కూచున్నా."

"గెలిచాం! నువ్వలా దూరంగానే ఉండు బాబూ, నీకు పుణ్యముంటుంది."

ఎనిమిదేళ్లు గెలుస్తూనే ఉన్నారు. బంతి బుట్టలో పడింది, ఊరు ఫణీంద్ర బుట్టలో పడింది.

ఎనభై ఎనిమిదిలో పెద్ద టోర్నమెంటు ఫైనలు సొంత కోర్టులోనే పడింది. ముందురోజు ఫణీంద్ర ఇంటికొచ్చాడు. వీరమ్మ నెత్తి మీద చిట్టియ్య చేత చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకున్నాడు, రేపు ఊళ్లో ఉండనని.

ఓడిపోయారు. ఇరవై రెండు పాయింట్ల తేడా. జట్టుని పోషించే మిల్లు యజమాని చేతులు దులిపేసుకున్నాడు. రావలసిన కప్పు రాలేదు సరే, నెత్తిన ఉన్న కప్పూ పోయింది. జట్టు చెదిరిపోయింది. చిట్టియ్య ఒట్టు తప్పి ఎక్కడో నక్కి చూసుంటాడని ఊరు తేల్చేసింది. ఆ నెలలోనే వీరమ్మకి టైఫాయిడ్ రావడంతో వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

పద్నాలుగేళ్లయింది. రేపు ఆ కోర్టు తవ్వేసి కళ్యాణమండపం కడతారు, మండపేటకి మండపాల కరువొచ్చినట్టు.

చివరికి వీరమ్మ కూడా చెప్పులేసుకుంది. "పదండి. ఆ టేపులో జనాన్ని చూపిస్తారుగా. మీరు కనపడటం లేదన్న సంగతి అందరికీ కనపడాలి."

క్లబ్బులో పాత ఆటగాళ్లంతా ఉన్నారు. చేతుల్లో ఉండాల్సిన బంతులు పొట్టల్లోకి చేరాయి. చిట్టియ్య గుమ్మంలోనే ఆగాడు.

"గణేష్‌బాబూ, ఫైనలు మొత్తం ఉందా? కొయ్యలేదు కదా?"

"మొత్తం ఉందండి. రండి, కూర్చోండి."

టీవీలో పాత మ్యాచ్‌లు మొదలయ్యాయి. "ఇప్పుడు ఎడంపక్కకి ఇస్తాడు" అని గొణిగాడు చిట్టియ్య. ఫణీంద్ర ఇచ్చాడు. "కాకినాడ పొడుగాయన జారతాడు." జారాడు.

"చూడకుండానే భలే చెబుతున్నాడ్రోయ్!" వెనక ఎవరో నవ్వారు.

"పేపర్లో చదివానండి."

ఫైనలు వచ్చింది. గొణుగుడు ఆగిపోయింది. చిట్టియ్య కుర్చీ అంచుకి జరిగాడు. రెప్ప వెయ్యలేదు. ఫణీంద్ర వేసిన బంతి బుట్ట అంచుని తాకి బయటికొచ్చింది. మళ్లీ వేశాడు. మళ్లీ బయటికే.

కెమెరా నాలుగువైపులా తిరిగింది. కోర్టు చుట్టూ జనం. గోడ మీద జనం. పక్కనున్న మిల్లు డాబా మీద జనం. ఆ కిందున్న తవుడు కొట్టు కిటికీ ఒక్కటే ఖాళీ.

"ఆపండి! వెనక్కి తిప్పండి!" అంది వీరమ్మ. గణేష్‌బాబు మూడుసార్లు తిప్పాడు. మొహం మొహం వెతికారు. చిట్టియ్య ఎక్కడా లేడు.

ఫణీంద్ర లేచి వచ్చి చిట్టియ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"తప్పయిపోయింది చిట్టియ్యా. నిన్ను అనరాని మాటలన్నాం."

"మా ఆయన ఒట్టు తప్పే మనిషి కాదండి" అంటూ వీరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

చిట్టియ్య ఇంకా టీవీకేసే చూస్తున్నాడు. తెర మీద స్కోరుబోర్డు ఆగిపోయి ఉంది. ఆయన జేబులోంచి చిన్న అట్టముక్క తీశాడు. రైలు టిక్కెట్టు. ద్వారపూడి నుంచి నిడదవోలుకి. మీద గుద్దిన తేదీ సరిగ్గా ఫైనలు రోజుదే.

"ఓరి నీ! ఇది ఆనాడే మా మొహాన కొట్టాల్సింది కదయ్యా!" అన్నాడు ఫణీంద్ర.

గణేష్‌బాబు టిక్కెట్టుని ముచ్చటగా అటూ ఇటూ తిప్పాడు. "సినిమా చివర్లో పెడదామండి. ఎనిమిదేళ్లు తిరిగారుగా, మిగతావి కూడా ఉంటే ఇవ్వండి."

"మిగతావి కొన్లేదు బాబూ" అన్నాడు చిట్టియ్య. "నేను నిజంగా నిడదవోలు వెళ్లింది ఆ ఒక్కరోజే."