వెల్లుల్లి దండ

"బతికున్నవాడివి దండేసిన పటంలో కూర్చుంటావేంట్రా? దేవుడు చూశాడంటే నిజంగానే వేయిస్తాడు!" అంది శివపార్వతి, వంటింటి తలుపు పట్టుకుని.

"దండ కాదమ్మా, వెల్లుల్లి జడ. దేవుడికి ఆ మాత్రం తేడా తెలీదా?" అన్నాడు కొడుకు గోపాలకృష్ణ.

మద్రాసులో కెమెరా చదువుకి రాస్తే, "నీ గురించి నువ్వే మూడు నిమిషాల ఫిల్ము తీసి పంపు" అని ఉత్తరం వచ్చింది. తను ముసలివాడై పోయాక పటంలోంచి చూస్తున్నట్టు తీద్దామని, తెనాలి స్టూడియో బ్రహ్మానందాన్ని బతిమాలి చిన్న సినిమా కెమెరా తెచ్చాడు. ముక్కాలిపీట మీద బియ్యం డబ్బా, డబ్బా మీద కెమెరా. బల్ల మీదున్న తాతయ్య పటంలోంచి అద్దం, ఫోటో ఊడదీసి, ఫ్రేముకి దండలా వంటింట్లోని వెల్లుల్లి జడ వేశాడు. జుట్టుకి బియ్యప్పిండి పూసుకున్నాడు. మూతికి అన్నం మెతుకులతో కొబ్బరిపీచు మీసం అంటించాడు. కెమెరాకి కీ ఇచ్చి, బల్ల వెనక గొంతుక్కూర్చుని, ఖాళీ ఫ్రేములో మొహం పెట్టాడు.

"అసలు మద్రాసెందుకురా? రైల్లో నిద్రపోతే ఏ రామేశ్వరంలోనో తేలతావు!"

"ముందు నాయనమ్మని ఒప్పుకోనీ."

అంతలో కర్ర చప్పుడు. నాయనమ్మ బసవమ్మే.

"కదలకు! పటం కదిలిందంటే ముసలి గుండె ఆగిపోద్ది!" అని గుసగుసలాడి శివపార్వతి తలుపు వెనక నక్కింది.

బసవమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. చెవులు మాత్రం పాము చెవులు. రోజూ స్నానం కాగానే మొగుడి పటానికి అగరొత్తి వెలిగించి, ఇంట్లో తేలని సంగతేదన్నా ఉంటే అడుగుతుంది. అడిగాక ఇంట్లో ఎవరు తుమ్మినా అది ఆయన మాటే. ఒక్క తుమ్మయితే వద్దని, రెండయితే సరేనని. చెరుకుపల్లి పొలం రెండు తుమ్ములకి కొన్నారు. రేపల్లె సంబంధం ఒక్క తుమ్ముకి తప్పిపోయింది.

"ఏమండీ, మనవడు మద్రాసు పోతానంటున్నాడు. పంపనా, మానిపించనా?" అంటూ అగరొత్తి సరిగ్గా పటం ముక్కు కిందే తిప్పింది.

గోపాలకృష్ణ ఊపిరి బిగబట్టాడు. పెదవి కొరుక్కున్నాడు. గుడ్లు తేలేశాడు.

"హాచ్చి!"

తలుపు వెనక శివపార్వతి "హమ్మయ్య" అనుకుంది.

"ఒక్కటేనా?" బసవమ్మ చెవి రిక్కించింది. "ఆలోచించుకునే చెప్పండి. బతికున్నప్పుడూ మీది నిదానమే."

గోపాలకృష్ణ రెండోదాని కోసం నానా తంటాలు పడ్డాడు. పొగంతా తనే పీల్చాడు. రాలేదు. దొంగ తుమ్మన్నా తుమ్ముదామంటే, ఒక్క మెతుకు మీద వేలాడుతున్న మీసం ఊడి ఆవిడ చేతిలో పడేట్టుంది. కళ్ళ నీళ్ళు కారి పిండి మీద చారలు కట్టాయి. కీ అయిపోయి కెమెరా ఆగిపోయింది. గడియారం ఒక్కటే టిక్కుటిక్కుమంటోంది.

"సరేలెండి, వద్దంటే వద్దు" అంది చివరికి బసవమ్మ. "ఇహ జన్మంతా మీ పటం కనిపెట్టుకుని ఇక్కడే ఉంటాడు."

శివపార్వతి తలుపు సందులోంచి చూసింది. పటంలో కొడుకు మొహం. చుట్టూ దండ.

బసవమ్మ కర్ర అందుకుంది. ఒక అడుగు వేసింది. రెండో అడుగూ వేసింది. గుమ్మం దాటబోతుండగా తలుపు వెనక నుంచి జవాబొచ్చింది. అక్కడ జలుబు చేసినవాళ్ళెవరూ లేరు, అగరొత్తి పొగా అంతదూరం పోలేదు.

"హాచ్చి!" అంది శివపార్వతి.