ఏడవకముందే

నిద్రపోయే పాపను పాలకు లేపాలా, ఏడ్చేదాకా ఆగాలా అని ఆ ఇంట్లో యుద్ధం నడుస్తోంది.

ఒకవైపు అత్తగారు రమణమ్మ. ఆమె వెనకాల, ఆ హిందీవాళ్ళ ఊళ్ళోని డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో పిల్లల్ని కన్న ఆడవాళ్ళందరూ. ఇంకోవైపు కోడలు కల్యాణి ఒక్కతే.

పాప నెల తక్కువతో పుట్టింది. పుట్టినప్పుడున్న ఆ కాస్త బరువూ నిలబడలేదు. పాలు తాగుతూ తాగుతూనే నిద్రలోకి జారిపోతుంది. బరువు పెరిగేదాకా రాత్రిళ్ళు కూడా మూడేసి గంటలకు లేపి పట్టమని డాక్టరమ్మ చెప్పింది. కల్యాణి ఆ మాట పట్టుకుని కూర్చుంది.

"మేం కనలేదేటి పిల్లల్ని? ఆకలేస్తే అదే ఏడుస్తాది. పడుకున్న పసిగుడ్డుని లేపి హింస పెడతావేటి?" అంది రమణమ్మ.

"ఏడ్చేదాకా నేనెందుకు ఆగాలత్తయ్యా?"

"ఏడిస్తే వినడానికి నానున్నాను కదా. రాత్రిపూట పిల్లని నా పక్కలో ఎయ్యి. ఏడిస్తే నానొచ్చి నిన్ను లేపుతాను."

అసలు గొడవ ఇదీ.

"ఇవ్వను" అంది కల్యాణి.

ఆ ఇంట్లో అంతకుముందు ఏ కోడలూ అత్తగారితో అలా అనలేదు. ఉన్నది ఒక్క కోడలే అనుకోండి. అయినా ఈ కల్యాణికి ఒక పాడు అలవాటుంది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే తల దించుకోదు. మాట పూర్తయ్యేదాకా సూటిగా వాళ్ళ ముఖంలోకే చూస్తుంది.

మధ్యాహ్నం పక్క క్వార్టర్ భ్రమరాంబ బాలింతకని కారప్పొడి పట్టుకొచ్చింది. చెయ్యి ఊరికే ఉన్నా నోరు ఊరుకోదు కదా, సలహా కూడా తెచ్చింది. ఆమె గొంతు మామూలుగానే పెద్దది. కల్యాణితో మాట్లాడితే ఇంకాస్త పెద్దదవుతుంది.

"మీ అత్త నీ మంచికే చెప్తోందమ్మా! పిల్లని ఆవిడకిచ్చేసి ఆరామ్‌గా పడుకో!"

"మెల్లిగా చెప్పండి పిన్నిగారూ. నేను మీ ఎదురుగానే ఉన్నాను" అంది కల్యాణి.

భ్రమరాంబ ముఖం ముడుచుకుంది.

సరిగ్గా అప్పుడే వ్యాగన్ వర్క్‌షాపు సైరన్ మోగింది. ఒళ్ళో ఉన్న పాప ఉలిక్కిపడి రెండు చేతులూ బార్లా చాచింది. అది చూసి కల్యాణి ముఖం వెలిగిపోయింది. పాపను గుండెకు హత్తుకుని పైకే నవ్వింది.

"పిల్ల దడుచుకుంటే తల్లి నవ్వుతాదేటి!" భ్రమరాంబ బుగ్గలు నొక్కుకుంది.

రమణమ్మ మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం కల్యాణి భర్త గిరిధర్ సిల్తారాలోని ఉక్కు ఫ్యాక్టరీకి బయల్దేరాడు. ఆ నెలంతా అతనికి నైట్ డ్యూటీలే. వెళ్ళేముందు భార్య ఫోన్‌లో అలారాలు పెట్టి, పాత కాలి మోజా ఎలాస్టిక్ కత్తిరించి, ఆ ఫోన్‌ను ఆమె చేతికి బిగించాడు.

"గడియారం కట్టుకున్నోళ్ళని చూసాను గానీ, ఫోన్ కట్టుకుని పడుకున్నోళ్ళని ఇప్పుడే చూస్తన్నాను" అంది రమణమ్మ.

కల్యాణికి చర్రున కోపం వచ్చింది.

"మళ్ళీ ఆస్పత్రికెళ్ళినప్పుడు పాప బరువు పెరగకపోతే మీ పక్కలోనే పడుకోబెట్టుకోండి. నోరెత్తను. అప్పటిదాకా నా దగ్గరే."

"మాట మీదుంటావా?"

"మీరుండండి చాలు."

ఆస్పత్రిలో పాపను తూకం మీద పెట్టినప్పుడు అత్తాకోడళ్ళిద్దరూ దానిమీదికి వంగారు. పాప బరువు పెరిగింది. బాగా పెరిగింది. కల్యాణి అత్తగారివైపు తిరిగి కనుబొమలెగరేసింది.

డాక్టరమ్మ మాస్కు గడ్డం కిందికి లాక్కుని, కల్యాణినే చూస్తూ, హిందీలో నిదానంగా చెప్పింది. ఇక లేపక్కర్లేదట. ఆకలేస్తే పాపే లేచి ఏడుస్తుందట, అప్పుడు పడితే చాలట.

గెలిచిన పందెం అక్కడే తిరగబడింది.

ఆటోలో రమణమ్మ పాపను ఒళ్ళోకి లాక్కుంది. "అర్థమైంది కదా? ఇంక ఏడిస్తేనే పాలు. ఏడుపు నాను వింటాను. ఈ రాత్రి నుంచి పిల్ల నా దగ్గరే."

"పందెం నేను గెలిచానత్తయ్యా."

"అలారం మానేసాక ఇంకేటి గెలుపు?"

"మానేస్తానని ఎవరన్నారు?"

"డాక్టరమ్మ వద్దంది కదే!"

"అక్కర్లేదంది. వద్దనలేదు."

"అమ్మో, ఇంత జిద్దేటే నీకు?"

కల్యాణి పాపను తిరిగి తీసుకుంది. సూటిగా అత్తగారి ముఖంలోకే చూసింది. "నా కూతురికి ఏడ్చే అవసరం రానివ్వను. లేపుతాను. రోజూ లేపుతాను. మీరూ, డాక్టరమ్మా, కాలనీ అంతా కలిసొచ్చినా లేపుతాను."



భోజనాలయ్యాక రమణమ్మ చాపా దిండూ తెచ్చి కోడలి గది గుమ్మంలో ధబీమని పడేసింది.

"ఇక్కడే పడుకుంటాను. నా ఇల్లు, నా ఇష్టం."

"పడుకోండి. పాప మాత్రం నా పక్కనే."

"నీ పక్కనే ఏసుకుని ఏడువు."

కల్యాణి నవ్వి, పాపను పక్కలో వేసుకుంది. అదురు తెలిసేలా ఫోన్ చేతికి బిగించుకుంది. తర్వాత రోజూలాగే రెండు చెవుల్లోంచి మిషన్లు తీసి డబ్బాలో పెట్టింది; ఇక తెల్లారి మళ్ళీ పెట్టుకునేదాకా వర్క్‌షాపు సైరన్ మోగినా, పక్కనే పాప గుక్కపట్టి ఏడ్చినా ఆమెకు వినిపించదు.