తీపి గొంతు

మా కంపెనీ హెడ్‌సెట్లు కోపాన్ని దాటనివ్వవు. మనం తిట్టినా అవతలివాళ్లకు తియ్యటి మాటే వినిపిస్తుంది. విదేశీ క్లయింట్లు నొచ్చుకోకూడదని పెట్టారు. ఇప్పుడు పక్క సీటువాళ్లతో మాట్లాడాలన్నా అవే పెట్టుకోవాలట, సిగ్గులేని రూలు!

ఆ రోజు మా అమ్మకు గుండె ఆపరేషన్. టీమ్ లీడ్ ఒప్పుకోనిదే మా ఆఫీసు గేటు తెరుచుకోదు. "ఇయ్యాల షిఫ్ట్ చెయ్యలేను సార్, దవాఖానకు పోవాలె" అని హెడ్‌సెట్‌లో గొంతు చించుకున్నాను.

"థాంక్స్ కుసుమా, నువ్వుంటనన్నవ్, అదే చాలు" అన్నాడు మా లీడ్ శశాంక్. మళ్లీ అరిచాను. మళ్లీ మెచ్చుకున్నాడు.

హెడ్‌సెట్ పీకేసి అతని గాజు గదిలోకి వెళ్లాను. "మా అమ్మ కోసం పోవాలె. గేటు తెరువు."

అతను దయ్యాన్ని చూసినట్టు చూశాడు. "హెడ్‌సెట్ పెట్టుకొని మాట్లాడమ్మా. ఇట్ల మాట్లాడితే నాకు భయమైతది."

అతని చెవుల మీది హెడ్‌సెట్ లాగి చాయ్ కప్పులో ముంచాను. "భయపడు. భయపడుకుంటనే గేటు తెరువు."

అతను గేటు బటన్ నొక్కాడు. నేను గేటు దాటుతుంటే, వెనక హాల్లో ఎవరో తమ హెడ్‌సెట్‌ను నేలకేసి కొట్టిన చప్పుడు వినిపించింది.